దిగేటప్పుడు ఒక్కటే చప్పుడు

ఇప్పుడు నా కుడి తుంటిలో ఉన్నది పుట్టుకతో వచ్చిన ఎముక కాదు, డాక్టర్లు బిగించిన లోహపు ముక్క. దానికి నొప్పి తెలీదు. బస్సెక్కుతాను, కూరగాయలు తెస్తాను, మేడ మెట్లు ఎక్కుతాను. కింద కూర్చోలేను, అంతే. పెళ్ళి పంక్తిలో నాకొక్కడికే కుర్చీ వేస్తే మొదట్లో తలవంపులుగా ఉండేది. ఇప్పుడు కుర్చీ వెయ్యకపోతే నేనే గొడవ పెడతాను.

సాయంత్రాలు విశాఖపట్నంలో స్కేటింగ్ రింకుకి వెళ్ళి పిల్లలకి నేర్పుతాను. నిలబడ్డం, ఆగడం, దెబ్బ తగలకుండా పడ్డం. పిల్లల కంటే వాళ్ళ అమ్మానాన్నలకి తొందరెక్కువ. మావాడు డబుల్ ఎప్పుడు కొడతాడు మాస్టారూ అని అడుగుతారు. గాల్లో రెండు చుట్లు తిరిగి దిగితే డబుల్, మూడు తిరిగితే ట్రిపుల్. ఇంకా టైముందండీ అంటే మొహం మాడ్చుకుంటారు. తన కాలు పోయింది కాబట్టి ఎవర్నీ ఎగరనివ్వడని ఒకాయన నాకు వినపడేలాగే అన్నాడు. అందులో కాస్త నిజం ఉందేమో కూడా. కానీ అసలు సంగతి వేరే. రింకు గట్టున నిలబడి చెప్పేది కాదు గనక ఇక్కడ రాస్తున్నాను.

రియాద్, 1990

నేను స్కేటింగ్ నేర్చుకున్నది సిమెంటు గచ్చు మీద, చక్రాల స్కేట్లతో. జాతీయ పోటీల్లో పతకాలొచ్చాయి. పతకాలతో పాటు ఉద్యోగమేదీ రాలేదు. పద్మతో పెళ్ళయి, పాప పుట్టి, బట్టల కొట్లో గుమస్తాగా ఉన్న రోజుల్లో సౌదీలో ఐస్ రింకులో ఆట ఆడి చూపించే మనుషులు కావాలని ఒక ఏజెంటు చెప్పాడు. మంచు అంటే అప్పటికి నాకు తెలిసింది ఫిషింగ్ హార్బర్లో చేపల మీద పోసే మంచే. అయినా వెళ్ళాను. బూటు కింద చక్రం బదులు కత్తి, గచ్చు బదులు మంచు, దూకడం మాత్రం అదే. కాళ్ళు త్వరగానే అలవాటు పడ్డాయి.

రియాద్ ఊరికి ఉత్తరాన ఒక వినోద కేంద్రంలో ఉండేది ఆ రింకు. బయట ఎండ మాడ్చేస్తుంటే మేం లోపల స్వెట్టర్లేసుకుని పనిచేసేవాళ్ళం. అక్కడ నాకు గురువు డిమిటర్. బల్గేరియా మనిషి. ఒకప్పుడు వాళ్ళ దేశం జట్టులో యూరప్ అంతా తిరిగి పోటీ చేసినవాడు. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దవాడేమో, అంతే. కానీ మెట్లు దిగేటప్పుడు చూడాలి. రెయిలింగు పట్టుకుని, ఒళ్ళంతా పక్కకి తిప్పి, ఒక్కో మెట్టే దిగేవాడు. రెండు తుంట్లూ అరిగిపోయాయి. మంచు మీద జారుతుంటే మాత్రం ఆ నొప్పి ఎక్కడ దాచాడో తెలిసేది కాదు. ఇక జన్మలో దూకనని ఒట్టు పెట్టుకుని మా రింకులో చేరాడు.

అతని ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ కలిపినా ఒక మనిషికి సరిపోయేది కాదు. అయినా తన కథ నాకు అర్థమయ్యేలా చెప్పాడు. చిన్నప్పట్నుంచీ పొద్దున్నా సాయంత్రం జంపులే. పోటీల రోజున నొప్పి తెలియకుండా పాదానికి ఇంజక్షను పొడిచి మంచు మీదికి తోసేవాళ్ళు. మొద్దుబారిన కాలికి సరిగ్గా దిగిందో లేదో తెలీదు. అందుకని చెవితో వినడం నేర్చుకున్నాడు. సరిగ్గా దిగితే కత్తి ఒక్కటే చప్పుడు చేస్తుంది. మోకాలు సరిగ్గా వంగకపోతే రెండు చప్పుళ్ళు, ముందు వేళ్ళ వైపు, వెంటనే మడమ వైపు. ఆ రెండోది తుంటికి తగిలే దెబ్బ. నేను జంప్ చేస్తుంటే డిమిటర్ చూసేవాడు కాదు. మంచుకి వీపు పెట్టి సిగరెట్ వెలిగించుకుని కూర్చునేవాడు. వెనక్కి తిరక్కుండానే చెయ్యెత్తి ఒక వేలో రెండు వేళ్ళో చూపించేవాడు. అవే నా మార్కులు.

ఇలా వినడానికి వీలయింది రింకులో పాటలు లేకపోబట్టే. మొదట్లో ఉండేవి. ఒకరోజు మత నియమాలు చూసే ఇద్దరు పెద్దమనుషులు వచ్చి మా కఫీల్‌తో మర్యాదగానే మాట్లాడి వెళ్ళారు. మర్నాటికి స్పీకర్లు లేవు. కఫీల్‌ని అందరం అబూ సాలెహ్ అనేవాళ్ళం. మా పనికీ, పాస్‌పోర్టులకీ, అక్కడ ఉండటానికిచ్చే ఇకామాకీ ఆయనే దిక్కు. చెడ్డవాడు కాదు, వ్యాపారస్తుడు.

"మ్యూజిక్ మాఫీ. జంప్ కతీర్," అన్నాడు. పాట ఎలాగూ లేదు, జంపులన్నా ఎక్కువ చెయ్యండని.

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. పాట లేకుండా చేతులు చాచి జారుతుంటే, ఏదో పారేసుకుని వెతుక్కుంటున్నట్టుంటుంది. జనం చప్పట్లు కొట్టేది గాల్లో తిరిగినప్పుడే. వేరే దేశాల్లో స్కేటరు ఒక ఆటలో కాసిని జంపులు పెట్టి మిగతా అంతా నాట్యం చేస్తాడు. మా ఆటలో నాట్యం పోయి జంపులే మిగిలాయి.

ఇంకోటి కూడా ఉంది. ఆట మధ్యలో నమాజు వేళయితే దీపాలు తగ్గించి అన్నీ ఆపేసేవాళ్ళు. అది వాళ్ళ పద్ధతి, నాకేం పేచీ లేదు. కానీ చెమట పట్టిన ఒళ్ళు ఆ చలిలో బిగుసుకుపోయేది. నమాజవగానే జనం కుర్చీల్లో కూర్చునేసరికి మేం మంచు మీద ఉండాలి. ఒళ్ళు వేడెక్కకుండానే మళ్ళీ దూకాలి. చల్లారిన ఒంటితో దూకొద్దని ఇవాళ పిల్లలందరికీ చెప్తాను. అప్పుడు నాకెవరైనా చెప్పినా నవ్వేసేవాణ్ణి.

1991, జనవరి, ఫిబ్రవరి

యుద్ధం మొదలవగానే రింకు మూసేశారు. విషవాయువు భయంతో మేం ఉండే క్యాంపులో కిటికీలకి ప్లాస్టిక్ కాగితం అంటించి చుట్టూ టేపు వేశాం. సైరన్ మోగితే తడిగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని గోడ వారన కూర్చునేవాళ్ళం. ఆ తడిగుడ్డ దేన్ని ఆపుతుందో ఎవరికీ తెలీదు. విశాఖపట్నానికి ఫోను కలిసేది కాదు. పద్మ రేడియో పెట్టుకుని కూర్చుని ఉంటుందని ఊహించుకుంటేనే నాకు అన్నం సయించేది కాదు.

మంచు మాత్రం కరగనివ్వొద్దన్నాడు అబూ సాలెహ్. ఒకసారి కరిగితే మళ్ళీ పరచడం పెద్ద పని. యుద్ధం ముదిరితే శవాలు పెట్టడానికి ఈ చోటు తీసుకుంటారట అని ఒక పుకారు కూడా పుట్టింది. దాన్ని మా దాకా మోసుకొచ్చింది రాజన్న. రాజన్నది జగిత్యాల దగ్గర పల్లె. రింకుని చల్లబరిచే మిషన్లు చూసుకునేవాడు. నాకంటే పెద్దవాడు, నన్ను తమ్మీ అని పిలిచేవాడు.

"ఇగ రేపు ఈ మంచు మీద ఎవలు పండుతరో ఏమో తమ్మీ. ఇయ్యాలైతే నువ్వు ఎగురు," అన్నాడు.

ఎగిరాను. పగలంతా ఎవరూ లేని ఆ రింకులో అదే పని. అంతవరకూ నాకు వచ్చింది డబులే. ట్రిపుల్ నేర్పమని డిమిటర్‌ని అడిగితే మొదట ఒప్పుకోలేదు. తర్వాత ఒక సైరన్ రోజున, ఇద్దరం బెంచీ కింద దూరి వణికాక, బయటికొచ్చి బట్టలు దులుపుకుని సరే రమ్మన్నాడు. అతనికీ ఏదో ఒకటి చెయ్యకపోతే పిచ్చెక్కేలా ఉంది. పడ్డాను, లేచాను, మళ్ళీ పడ్డాను. స్కేటరు ఏ జంప్ వేసినా దాదాపు అన్నిసార్లూ ఒక్క కాలి మీదే దిగుతాడు. నాది కుడికాలు. గాల్లో ఉన్న ఆ కాస్తసేపూ నాకు యుద్ధం లేదు, ఇల్లు లేదు, భయం లేదు. కిందికి దిగగానే అన్నీ ఉండేవి. అందుకే మళ్ళీ దూకేవాణ్ణి.

మూడు చుట్లూ తిరిగి నిలబడ్డ రోజున డిమిటర్ అటు తిరిగే ఒక్క వేలు ఎత్తాడు. రాజన్న మిషన్ల గది తలుపు దగ్గర్నించి ఈల వేశాడు. నా జన్మలో అంత సంతోషం మళ్ళీ లేదు. పద్మ ముందు అనకూడదు గానీ పాప పుట్టినప్పుడు కూడా లేదు.

రంజాన్ పండుగ నుంచి వేసవి దాకా

యుద్ధం అయిపోయింది. రంజాన్ నెల గడిచి పండుగ వచ్చేసరికి ఊరంతా ఊపిరి పీల్చుకుని వీధిలోకొచ్చింది. రింకు నిండిపోయింది. ట్రిపుల్ కొట్టే హిందీవాడట అని నా పేరు పాకింది. అక్కడ మనందరం హిందీలమే. సౌదీ పిల్లలు కంచె పట్టుకుని మూడు వేళ్ళు చూపించి అడిగేవాళ్ళు. కాదనబుద్ధి ఎవరికవుతుంది? ఆ చప్పట్లు నాకు ఇష్టం. ఇందులో దాచుకోవాల్సిందేం లేదు.

హజ్ పండుగ నాటికి మోకాలు నొప్పి మొదలైంది. బామ్ రాశాను. బూటు తాళ్ళు ఇంకా బిగించి కట్టాను. స్కేటర్లందరికీ ఉన్న పిచ్చి అది. కాలు నొప్పెడితే తాళ్ళు బిగిస్తారు, జంప్ చెడితే ఇంకో పది జంపులు వేస్తారు. పొద్దున్న మంచం దిగేటప్పుడు మొదటి అడుగుకి కళ్ళ వెంట నీళ్ళొచ్చేవి. కాసేపు నడిస్తే సర్దుకునేది. సర్దుకుంది కదా అని ఊరుకునేవాణ్ణి.

డిమిటర్ రెండు వేళ్ళు చూపించడం ఎక్కువైంది. నాకు చిరాకేసేది. ఒకరోజు ఆట అయ్యాక నన్ను బెంచీ మీద కూర్చోబెట్టాడు.

"నొప్పి ఎక్కడ?"

"మోకాల్లో."

తన బొటనవేలు తన గజ్జ దగ్గర పెట్టి గట్టిగా నొక్కుకున్నాడు. "ఇక్కడ. నాకూ మొదట మోకాల్లోనే వచ్చింది, వాసూ. ఆపు."

క్లినిక్‌కి వెళ్ళాను. వెయిటింగ్ రూమ్ నిండా నాలాంటి వాళ్ళే, చేతికి కట్టు కట్టుకున్నవాళ్ళు, వేలికి గుడ్డ చుట్టుకున్నవాళ్ళు. నా వంతు వచ్చేసరికి సాయంత్రమైంది. నొప్పి మోకాల్లో అన్నాను కాబట్టి మోకాలికే ఎక్స్‌రే తీశారు. మోకాలు అద్దంలా ఉంది. గజ్జ సంగతి నేను ఎత్తలేదు. నలుగురి మధ్య అక్కడ చెయ్యి పెట్టి చూపించడం మనకి చేతకాదు కదా. పనికి పనికొస్తాడని రాసిచ్చారు. ఆ కాగితం తెచ్చి డిమిటర్‌కి చూపిస్తే అతను సిగరెట్ ఆర్పేసి వెళ్ళిపోయాడు. వేసవి సెలవులవగానే కాలికి విశ్రాంతి ఇద్దామనుకున్నాను. స్కూళ్ళు మూసిన ఆ రోజుల్లో రోజూ ఆటే.

శుక్రవారం బతా బజారుకి వెళ్ళి ఫోను చేస్తే పద్మ నా గొంతులోనే ఏదో పట్టేసింది. కాలు కాస్త బెణికిందన్నాను. బెణికితే ఇన్నాళ్ళా అంది. వెనక పాప ఏదో రాగం తీస్తోంది. లైను కట్టయింది, అంతవరకూ నయమే అనుకున్నాను.

ఆగస్టు ఆఖరు

సెలవుల చివరి వారం. ఆట సగంలో నమాజుకి ఆపారు. బెంచీ మీద కూర్చుని తొడ రుద్దుకుంటూ ఉన్నాను. జనం వచ్చి కూర్చున్నారు, అబూ సాలెహ్ చెయ్యూపాడు. వెళ్ళాను. దూకేటప్పుడే తెలిసింది ఒళ్ళు నా మాట వినట్లేదని. మూడు చుట్లు తిరిగాను. దిగాను. కత్తి చప్పుడు తర్వాత ఇంకో చప్పుడు వచ్చింది. అది మంచులోంచి కాదు, నా లోపల్నించి.

జనం చప్పట్లు కొడుతూనే ఉన్నారు. పడిపోవడం ఆటలో భాగమనుకున్నారు. నేను వెల్లకిలా పడి కప్పులో లైట్లు చూస్తున్నాను. నొప్పి ఇంకా రాలేదు, వీపుకి చలి మాత్రం తెలుస్తోంది. డిమిటర్ మామూలు బూట్లతో మంచు మీదికి పరిగెత్తుకొచ్చి, తనూ జారి పడి, పాక్కుంటూ నా దగ్గరికొచ్చాడు. తన కోటు తీసి నా తల కింద పెట్టాడు. వాళ్ళ భాషలో ఏదో అంటున్నాడు. తిడుతున్నాడో ప్రార్థిస్తున్నాడో తెలీలేదు. అప్పుడొచ్చింది నొప్పి.

ఆసుపత్రి

తొడ ఎముక పైన, తుంటిలోకి దూరే మెడ దగ్గర విరిగింది. అంతకుముందే అక్కడ సన్నటి బీట ఉండి ఉంటుందట. ఎముక లోపలికి స్క్రూలు బిగించారు. మర్నాడు రౌండ్లకొచ్చిన ఈజిప్టు డాక్టరు నన్ను చూసి ఎన్నో అంతస్తు నుంచి పడ్డావని అడిగాడు. ఆ వార్డు నిండా కట్టే భవనాల సారువల మీంచి పడ్డ కూలీలే మరి. నేల మీంచే పడ్డానన్నాను. ఆయన నవ్వలేదు. నా వయసువాడికి ఈ ఎముక ఇలా విరగడం పై నుంచి పడితేనో, కారు గుద్దితేనో చూస్తామన్నాడు. నువ్వు రోజూ కాస్త కాస్తగా పడ్డావన్నమాట అన్నాడు.

అసలు సంగతి తర్వాత చెప్పాడు. విరిగిన చోట రక్తం అందే దారి తెగి ఉండొచ్చు. మళ్ళీ అందుతుందో లేదో తెలియాలంటే నెలలు ఆగాలి. అందాకా ఆ కాలు నేలకి ఆనించకూడదు, మధ్యమధ్య ఇక్కడికి రావాలి. రక్తం అందితే ఎముక బతుకుతుంది, నడుస్తావు. అందకపోతే ఎముక చచ్చిపోతుంది. ఎముక చావడం అనే మాట నేను అదే వినడం. మనిషి బతికుండగా అతనిలో ఒక ముక్క చచ్చిపోవచ్చని నాకు తెలీదు.

పక్క మంచంలో ఒక ముసలి సూడాన్ ఆయన ఉండేవాడు. మాకు కలిసే భాషేదీ లేదు. రోజూ ఖర్జూరాల్లో గింజ తీసి నా చేతిలో పెట్టేవాడు. వద్దన్నా పెట్టేవాడు. మలయాళీ సిస్టరు ఒకామె నాకు బెడ్‌పాన్ పెట్టేటప్పుడు నేను సిగ్గుతో చచ్చిపోతుంటే, మా అన్నయ్యకీ ఇలాగే చేశానని వచ్చీరాని హిందీలో చెప్పి కర్టెను లాగేది. శుక్రవారం శుక్రవారం రాజన్న బతా మెస్సు నుంచి అన్నం, పప్పు, మామిడికాయ పచ్చడి తెచ్చేవాడు. ఈ ముగ్గురూ లేకపోతే నేను ఏమైపోయేవాణ్ణో.

పద్మకి ఎవరో ఊరి మనిషి ద్వారా తెలిసిపోయింది. సిస్టరు దయవల్ల ఆఫీసు ఫోనులో మాట్లాడాను.

"ఏటైందో తిన్నగా చెప్పండి," అంది. చెప్పాను. "కాలు విరిగిన మొగుడైనా నాకు ఫర్వానేదు. అబద్ధాలు చెప్పే మొగుడితో నేను పడలేను," అని పెట్టేసింది.

ఆ తర్వాత నెలపాటు ఫోను చేస్తే పాపచేత మాట్లాడించేది. పాపకి నాన్నా అనడం తప్ప ఇంకా ఏమీ సరిగ్గా రాదు. అదే వింటూ కూర్చునేవాణ్ణి.

చలికాలం

నన్ను క్యాంపుకి పంపారు. చంకల కింద కర్రలు. డిసెంబరులో నా ఇకామా గడువు అయిపోతుంది. ఇకామా ఉంటేనే ఆ ఆసుపత్రి. ఇంటికెళ్తే అలాంటి వైద్యం చేయించుకునే తాహతు మాకు లేదు. అబూ సాలెహ్ పండ్లు పట్టుకుని చూడటానికొచ్చాడు. నా పక్కన కూర్చుని నిజంగానే బాధపడ్డాడు. ట్రిపుల్ లేకపోయేసరికి జనం రావట్లేదు, దూకేవాడు లేకుండా రింకు నడపలేను, కొత్తవాడికి వీసా పెట్టాలంటే నీ చోటు ఖాళీ కావాలి, నిన్ను ఎగ్జిట్ వీసా మీద ఇంటికి పంపుతానన్నాడు. నేను ఆయన చేతులు పట్టుకుని బతిమాలాను. ఆయన ఏమీ తేల్చకుండా వెళ్ళిపోయాడు.

వారం తర్వాత నా ఇకామా రెన్యువల్ అయి వచ్చింది. దేవుడు కరుణించాడనుకున్నాను. రాజన్న అన్నం గిన్నె మూత తీస్తూ నా మొహం చూడకుండా అన్నాడు.

"దేవుడు గాదు తమ్మీ. గాయన ఎగురుతుండు."

నాకర్థం కాలేదు.

"డిమిటర్. నీ జాగల తనే ఎగురుతనన్నడు. ఎగిరినన్ని దినాలు నిన్ను పంపొద్దని అబూ సాలెహ్ తోటి మాట దీసుకున్నడు. నీకు జెప్పొద్దని నా మీద ఒట్టు వెట్టిండు. ఏం జేద్దు, నాతోని అయితలేదు."

ఆ అన్నం నేను తినలేదు. మర్నాడు కర్రలతో రింకుకి వెళ్ళాను. ఆట నడుస్తోంది. చూడలేననిపించి, మంచుకి వీపు పెట్టి, డిమిటర్ కూర్చునే బెంచీ మీద కూర్చున్నాను. రింకులో పాట లేదు కాబట్టి అన్నీ వినపడుతున్నాయి. కత్తి జారడం, ఒక్క క్షణం ఏమీ లేకపోవడం, తర్వాత దిగడం. రెండు చప్పుళ్ళు. మళ్ళీ దూకాడు. రెండు. ఆ తర్వాత దానిలో రెండో చప్పుడు మొదటిదాని కంటే గట్టిగా వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. నేను చెవులు మూసుకున్నాను.

ఆట అయ్యాక నన్ను చూసి డిమిటర్ రాజన్నని తిట్టాడు. మెట్టు దిగడానికి నా భుజం పట్టుకున్నాడు. కర్రల మీద ఉన్నవాడి భుజం పట్టుకున్నాడంటే ఆలోచించండి. ఆపమన్నాను, ఏడ్చాను. అతను నా కాలు చూపించి ఒకటే మాటన్నాడు.

"నావి రెండూ ఎప్పుడో పోయాయి. అది ఇంకా పోలేదు."

అప్పట్నుంచి నా కాలు నాది కాదు. పొరపాటున కూడా నేలకి తగలనిచ్చేవాణ్ణి కాదు. స్నానానికెళ్ళినా, నిద్రలో ఒత్తిగిల్లినా దాని మీదే ధ్యాస. ఈ ఎముక బతకాలని నేను నా కోసం మొక్కుకున్నదాని కంటే అతని కోసం మొక్కుకున్నదే ఎక్కువ. అది బతికితే ఆ రెండు చప్పుళ్ళకీ ఒక అర్థం ఉంటుంది.

1992, ఫిబ్రవరి

డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశాడు. బంతిలా ఉండాల్సిన ఎముక తల ఒక పక్కన కుంగిపోయి ఉంది. నాకే కనపడింది, ఆయన చెప్పనక్కర్లేకపోయింది. వెయిటింగ్ రూమ్‌లోకొచ్చి కూర్చున్నాను. ఎవరో పిల్లవాడు చేతికి పిండికట్టుతో ఏడుస్తున్నాడు, వాళ్ళమ్మ ఊరుకోబెడుతోంది. నాకు కోపం రాలేదు, ఏడుపు రాలేదు. డిమిటర్‌కి ఏం చెప్పాలి అన్నదొక్కటే.

ఆ సాయంత్రం పద్మకి ఫోను చేసి ఏదీ దాచకుండా మొత్తం చెప్పాను, డిమిటర్ సంగతి కూడా. విని, ఇంటికి వచ్చీయండి అంది. ఆ గొంతులో కోపం లేదు. ఆయనకి మాత్రం ఈ మాట చెప్పకండి అని తనే అంది.

రాజన్నకి చెప్పాను. అతను సరేనని తలూపాడు. డిమిటర్‌కి ఎముక అతికిందనీ, ఇక ఇంటికి పొమ్మన్నారనీ చెప్పాం. అతను నన్ను కావలించుకుని వీపు మీద చరిచాడు. మర్నాడే అబూ సాలెహ్ దగ్గరికి వెళ్ళి ఇక దూకనని చెప్పేశాడట.

విమానాశ్రయానికి ఇద్దరూ వచ్చారు. నేను కర్రల మీద వెళ్తే అబద్ధం తేలిపోతుంది. ఈ కర్రలు ఆసుపత్రివి, ఇచ్చెయ్యాలి అని రాజన్న చేతిలో పెట్టాను. అక్కడ్నించి పాస్‌పోర్టు చూసే చోటు దాకా చలువరాయి నేల. మామూలు మనిషికి అది దూరమే కాదు. చచ్చిన ఎముక మీద ఒళ్ళు మోపితే కాలు దానంతటదే ఈడ్చుకుంటుంది. అడుగు పడ్డ చప్పుడు, తర్వాత బూటు రాసుకునే చప్పుడు. ఆ రెండోది రాకూడదు.

వీడ్కోలు చెప్పుకున్నాక డిమిటర్ ఒక పని చేశాడు. మంచు దగ్గర చేసినట్టే, నాకు వీపు తిప్పి నిలబడ్డాడు.

నడిచాను. జీవితంలో నేను చేసిన ఏ జంప్‌కీ అంత కష్టపడలేదు. పళ్ళు బిగించి ప్రతి అడుగునీ ఎత్తి పెట్టాను. ఎడమకాలు ఒక చప్పుడు, కుడికాలు ఒక చప్పుడు. సగం దూరం దాకా నిభాయించాను. తర్వాత తుంటి నా మాట వినలేదు. బూటు రాసుకుంది. మళ్ళీ రాసుకుంది. ఆగితే పడిపోతానని ఆగలేదు. గాజు తలుపు అవతలికి చేరాక స్తంభం పట్టుకుని వెనక్కి చూశాను.

డిమిటర్ ఇంకా అటే తిరిగి ఉన్నాడు. చెయ్యి పైకెత్తి ఉంది. ఒక్క వేలు.

పాదం మొద్దుబారినా వట్టి చెవితో యూరప్ అంతా దూకి వచ్చిన మనిషి. నా రెండో చప్పుడు అతనికి వినపడలేదంటే నేను నమ్మను. అయినా రెండో వేలు ఎత్తలేదు.